ఇంటి సముద్రం: రోజుకు రెండు లీటర్లు మారిస్తే చాలునా?

పగడాల తొట్టిలో నీళ్లు మార్చే పద్ధతి గురించి హైదరాబాదు పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. ఉత్తరాలను కొంత కుదించి, పేర్లు తీసివేసి, ప్రాంతాలను మాత్రం ఉంచాము.

ప్రశ్న: మా ఇంట్లో నాలుగు అడుగుల పగడాల తొట్టి ఉంది. రాళ్లు, ఇసుక పోగా సంప్‌తో (కింద ఉండే వడపోత తొట్టితో) కలిపి 200 లీటర్ల నీళ్లు పడతాయి. రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప, ఎక్కువగా మెత్తని పగడాలు ఉన్నాయి. ప్రతి నెలా మొదటి ఆదివారం 60 లీటర్లు తీసి కొత్త ఉప్పునీళ్లు పోస్తాను. ఆ తరువాత రెండు రోజుల పాటు పగడాలు ముడుచుకునే ఉంటాయి. నా నడుము సంగతి చెప్పనక్కరలేదు. రోజుకు 2 లీటర్ల చొప్పున మార్చినా నెలకు అదే 60 లీటర్లు అవుతుందని ఒక మిత్రుడు అంటున్నారు. రెండూ నిజంగా సమానమేనా? నిన్న పోసిన కొత్త నీటినే ఈ రోజు తీసి పారబోసినట్లు కాదా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

సమాధానం: ముందుగా లెక్క చూద్దాము. 200 లీటర్లలో 60 లీటర్లు ఒకేసారి తీస్తే పాత నీటిలో 30 శాతం బయటకు పోతుంది. రోజుకు 2 లీటర్లు, అంటే 1 శాతం చొప్పున తీసినప్పుడు మొదటి రోజు పోయేదంతా పాత నీరే. రెండవ రోజు నుంచి మాత్రం, మీరు అనుమానించినట్లే, తీసిన నీటిలో నిన్నటి కొత్త నీరు కొద్దిగా కలిసి ఉంటుంది. 30 రోజులు గడిచాక పాత నీటిలో 74 శాతం మిగిలి, 26 శాతం పోతుంది. అదే నీటికి, అదే ఉప్పుకు మీకు తగ్గేది 4 శాతం. ఆ 4 శాతం కూడా వదులుకోనని పట్టుబడితే రోజుకు 2.4 లీటర్లు మార్చాలి; నెలకు 11, 12 లీటర్లు అదనంగా ఖర్చవుతాయి. మీ అనుమానం న్యాయమైనదే గాని, నష్టం భయపడవలసినంత లేదు.

నైట్రేట్ విషయంలో మాత్రం ఒక భ్రమ ప్రచారంలో ఉంది. రోజూ మారిస్తే నైట్రేట్ ఎక్కువ తగ్గుతుందని చాలామంది నమ్ముతారు. చేపల మేత, విసర్జన వల్ల మీ తొట్టిలో నైట్రేట్ రోజుకు లీటరుకు 0.2 మిల్లీగ్రాముల చొప్పున పెరుగుతోందని, వేరే దారిలో తగ్గడం లేదని అనుకుందాము. నెలకు ఒకసారి 30 శాతం మార్చే తొట్టిలో కొన్ని నెలల తరువాత అది ఒక లయలో పడుతుంది: మార్చే ముందు 20, మార్చిన వెంటనే 14, మళ్లీ మెల్లగా 20. రోజూ 1 శాతం మార్చే తొట్టిలోనూ అది చివరకు 20 దగ్గరే నిలుస్తుంది. కాకపోతే అక్కడి నుంచి కదలదు. అంటే నెలవారీ పద్ధతిలో ఎక్కే శిఖరమే రోజువారీ పద్ధతిలో నిలకడ మట్టం. మీ లక్ష్యం నైట్రేట్‌ను తగ్గించడమే అయితే మేత తగ్గించండి, స్కిమ్మర్ (మలినాలను నురుగుగా తీసే పరికరం) కప్పును శుభ్రంగా ఉంచండి, మార్చే శాతాన్ని పెంచండి. అదే శాతాన్ని ముక్కలు చేసి రోజులకు పంచినందువల్ల అది తగ్గదు. పూర్తిగా సున్నా చేయాలన్న పట్టుదల కూడా వద్దు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు దిగిన తొట్టిలో పగడాలు పాలిపోవడం, గోధుమ రంగు జిగురులాంటి డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు ఇసుకను కప్పేయడం తరచుగా కనిపించే సంగతే.

మరి రోజువారీ పద్ధతి వల్ల లాభమేమిటి? మీ ఉత్తరంలోని ఐదవ వాక్యంలోనే అది ఉంది: ఆదివారం తరువాత రెండు రోజులు పగడాలు ముడుచుకుంటున్నాయి. కొత్త నీరు శుభ్రమైనదే, కాని అది పాత నీటిలాంటిది కాదు. మీరు వాడే ఉప్పు కలిపిన నీటి ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే క్షారగుణం) దాని కొలమానమైన డీకేహెచ్‌లో 11 అని, తొట్టిలో 7.5 ఉందని అనుకుందాము; 30 శాతం పోసేసరికి తొట్టి ఆల్కలినిటీ గంటలోపే 8.5 దాటుతుంది. ఏప్రిల్, మే నెలలలో బాల్కనీలో ఉంచిన డ్రమ్ములోని నీరు 32 డిగ్రీలు ఉండి, తొట్టి 26 దగ్గర ఉంటే, 60 లీటర్లు పోయగానే తొట్టి వేడి దాదాపు 1.8 డిగ్రీలు ఎక్కుతుంది. అవే తేడాలతో 2 లీటర్లు పోసినప్పుడు ఆల్కలినిటీ 0.035, ఉష్ణోగ్రత 0.06 డిగ్రీలు మాత్రమే మారుతాయి. వీటిని మీ పరీక్ష కిట్లు గాని, థర్మామీటరు గాని పట్టుకోలేవు. పగడాలు కూడా పట్టించుకోవు. పైగా 60 లీటర్లు తీసినప్పుడు పై మెట్టు మీది పగడాలు కాసేపు గాలికి తేలతాయి. 2 లీటర్లు సంప్‌లో నుంచి తీస్తే పై తొట్టిలో నీటి మట్టం కదలనే కదలదు. కొత్త నీటిని వేడి చేయవలసిన పని, సరిగ్గా అదే ఉష్ణోగ్రతకు తేవలసిన పని కూడా లేదు.

అయితే ఈ పద్ధతికే ప్రత్యేకమైన ఒక ప్రమాదం ఉంది. నెలకు ఒకసారి పెద్ద తప్పు చేస్తే పగడాలు ముడుచుకుని మీకు చెబుతాయి. రోజూ చిన్న తప్పు చేస్తే ఎవరూ చెప్పరు. తొట్టి ఉప్పదనం వెయ్యికి 36 వంతులు ఉండగా, సరిచూడని రిఫ్రాక్టోమీటరును (ఉప్పదనం కొలిచే పరికరాన్ని) నమ్మి మీరు ప్రతిసారీ 32 ఉన్న నీటిని కలుపుతున్నారనుకుందాము. నెల రోజులకు తొట్టి 35కు, మూడు నెలలకు 33.6కు జారుతుంది. మధ్యలో ఏ రోజూ ఏమీ జరిగినట్లు అనిపించదు. కనుక రిఫ్రాక్టోమీటరును మంచినీటితో సున్నాకు తెచ్చి ఊరుకోకుండా, 35 ఉప్పదనం గల ప్రమాణ ద్రావణంతో ప్రతిసారీ కలిపే ముందు సరిచూసుకోవాలి. సముద్రపు నీటి సగటు ఉప్పదనం వెయ్యికి 35 వంతులు. సాపేక్ష సాంద్రతలో చెబితే 1.026. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటరు ముల్లుకు చిన్న గాలి బుడగ అంటుకున్నా తప్పు చూపిస్తుంది. రోజువారీ పద్ధతికి దానిని నేను సిఫారసు చేయను.

ఆచరణలో ఇలా చేసి చూడండి. పదకొండు, పన్నెండు రోజులకు సరిపడా 25 లీటర్ల నీటిని మూత ఉన్న, ఆహార పదార్థాలకు వాడదగిన డ్రమ్ములో ఒకేసారి కలుపుకోండి. ఉప్పు మిశ్రమంలో కొంత తేమ కలిసే ఉంటుంది కాబట్టి లీటరుకు 35 గ్రాములు సరిపోవు, సాధారణంగా 36 నుంచి 38 గ్రాములు పడతాయి. తుది మాట మాత్రం రిఫ్రాక్టోమీటరుదే. నీటిలో ఉప్పు వేయాలి గాని ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. అలా పోస్తే ఒకచోట గాఢత పెరిగి కాల్షియం కార్బొనేట్ తెల్లగా విరిగిపోతుంది. రాత్రంతా చిన్న పంపుతో తిప్పనివ్వండి. మన వానాకాలపు గాలికి విప్పిన ప్యాకెట్‌లోని మెగ్నీషియం, కాల్షియం లవణాలు తేమను పీల్చి గడ్డ కడతాయి, అందుకని సంచి మూతిని బిగించి, గాలి చొరని డబ్బాలో దాచండి; తీసే ముందు డబ్బాను దొర్లించి లోపలి పొడులన్నీ కలిసేటట్లు చూడండి. డ్రమ్ము గోడల మీద తెల్లని పొర పేరుకుంటుంటే ఆ ఉప్పు ఎక్కువ రోజుల నిల్వకు పనికిరాదని అర్థం; అప్పుడు నాలుగైదు రోజులకు సరిపడా మాత్రమే కలుపుకోండి.

రోజూ చేయవలసినది పది నిమిషాల పని. సంప్‌లో తగ్గిన నీటిని మంచినీటితో నింపే ఆటో టాపప్‌ను ముందుగా ఆపండి. సన్నని పైపుతో 2 లీటర్లు తీయండి, ఆ తీసేటప్పుడు ఊరికే నీళ్లు తీయక, ఒక రోజు ఇసుక మూల, మరొక రోజు రాళ్ల వెనుక, ఇంకొక రోజు సంప్ అడుగున పేరుకున్న మడ్డిని పీల్చండి. పెద్ద మార్పిడిలో మనకు దొరికే అసలైన శుభ్రత ఈ మడ్డి పోవడమే, దానిని వదులుకోకూడదు. తరువాత అంతే కొలతతో కొత్త నీటిని సంప్‌లోని పంపు గదిలో మెల్లగా పోసి, టాపప్‌ను మళ్లీ వేయండి. టాపప్‌ను ఆపమనడం ఛాదస్తంగా కనిపించవచ్చు. నేను ఒకసారి 2 లీటర్లు తీసి, ఫోను మాట్లాడి వచ్చేసరికి టాపప్ ఆ ఖాళీని మంచినీటితో నింపేసింది. మట్టం సరిగానే ఉంది కదా, ఇందాక పోసేశానేమో అనుకుని వెళ్లిపోయాను. ఒకే వారంలో మూడు సార్లు ఇదే జరిగి, 35 ఉండవలసిన ఉప్పదనం 34కు దిగిన తరువాత గాని కారణం తెలియలేదు.

పైపులో నీరు కదిలించడానికి నోటితో పీల్చే అలవాటు మీకు ఉంటే ఈ రోజే మానివేయండి. జోయాంథిడ్, పాలిథోవా జాతి పగడాలలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. చేతితో నొక్కే రబ్బరు బుడ్డి ఉన్న పైపు కొనుక్కోండి. చేతికి గాయం ఉన్నప్పుడు తొడుగులు వేసుకోండి. ఆ పగడాలున్న రాళ్లను శుభ్రం చేయడానికి మరిగే నీటిలో వేయడం మరీ ప్రమాదకరం, ఎందుకంటే ఆవిరితో పాటు విషం కూడా ఊపిరితిత్తులలోకి వెళ్లవచ్చు.

ప్రశ్న: వేసవిలో మా తొట్టిలో రోజుకు దాదాపు 3 లీటర్ల నీరు ఆవిరవుతోంది. ఆ 3 లీటర్ల బదులు కలిపి ఉంచిన ఉప్పునీరు పోస్తున్నాను. రోజూ కొత్త ఉప్పునీరు పోస్తున్నాను కాబట్టి ఇక విడిగా నీళ్లు మార్చనక్కరలేదు కదా?
— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

సమాధానం: అమ్మా, ఈ ఉత్తరం చదవగానే, వీలైతే పత్రిక రాకముందే మీకు చెప్పాలనిపించింది. దయచేసి ఈ రోజే ఆపండి. ఆవిరయ్యేది నీరు మాత్రమే. ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. పులుసు పొయ్యి మీద మరుగుతుంటే తగ్గిన నీటికి బదులుగా ఉప్పు కలిపిన నీళ్లు పోస్తే పులుసు ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. 200 లీటర్ల తొట్టిలో రోజుకు 3 లీటర్ల ఉప్పునీరు చేరిస్తే రోజుకు సుమారు 105 గ్రాముల ఉప్పు పెరుగుతుంది. పది రోజులకు ఉప్పదనం 40 దాటుతుంది, నెలకు 50కి చేరుతుంది. అంత దూరం వెళ్లేలోగానే పగడాలు పోతాయి.

ఆవిరైన నీటికి మంచినీరు, అదీ శుద్ధమైన ఆర్‌వో–డీఐ నీరు (ఆర్‌వో పొరతోనూ, మిగిలిన లవణాలను లాగే డీఐ రెసిన్‌తోనూ శుద్ధి చేసిన నీరు). మార్చిన నీటికి ఉప్పునీరు. ఈ రెండు లెక్కలూ ఎప్పుడూ కలవకూడదు. ఇప్పటికే ఉప్పదనం పెరిగి ఉంటే ఒక్కసారిగా దించవద్దు. రోజుకు ఒక అంకెకు మించకుండా, తీసిన ఉప్పునీటికి బదులు మంచినీరు పోస్తూ కొన్ని రోజులలో 35కు తీసుకురండి. మన నగరంలో ఎండాకాలపు పొడిగాలికి తొట్టి పైన ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీల చల్లదనం దొరుకుతుంది, కాని దాని మూల్యం ఆవిరే. వాన మొదలై గాలిలో తేమ పెరిగాక అదే ఫ్యాను అంత చల్లబరచదు, అంత నీటినీ తాగదు. కనుక టాపప్ కొలత ఏడాది పొడవునా ఒకటే ఉండదు. తొట్టి గోడ మీద ఒక గీత గీసుకుని, ఆ గీత దాకా నింపడమే నమ్మకమైన పద్ధతి.

ప్రశ్న: మా ఇంట్లో తాగునీటికి ఆర్‌వో యంత్రం ఉంది. రాగిని కలిపి ఇచ్చే కొత్త రకం. బయటకు వచ్చే నీటి టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల కొలత) 70. తొట్టికి ఈ నీరు వాడవచ్చా? వేసవిలో మాకు బోరు, ట్యాంకరు నీరే దిక్కు.
— ఒక పాఠకుడు, నిజాంపేట

సమాధానం: వాడకూడదు. మనుషులకు మేలని కలిపే ఆ రాగి పగడాలకు, రొయ్యలకు, నత్తలకు విషం. చేపల తెల్లమచ్చల జబ్బుకు వాడే రాగి మందును పగడాలున్న తొట్టిలో ఎందుకు వేయరో, ఈ నీటిని కూడా అందుకే వాడరాదు. రాగి కలపని యంత్రమైనా, రుచి కోసం శుద్ధి చేయని నీటిని కొంత తిరిగి కలిపే ఏర్పాటు గాని, ఖనిజాలు చేర్చే గొట్టం గాని ఉంటే అది తొట్టికి పనికిరాదు.

70 టీడీఎస్ చిన్న అంకెగా కనిపిస్తుంది, అందులోని మోసాన్ని కొంచెం విడమరచి చెబుతాను. మీ తొట్టిలోకి రోజుకు 3 లీటర్లు టాపప్‌గా, 2 లీటర్లు కొత్త ఉప్పునీటిలో భాగంగా, మొత్తం 5 లీటర్ల ఈ నీరు చేరుతుందనుకుందాము. బయటకు పోయేది మాత్రం మీరు తీసే 2 లీటర్లే. మిగతా 3 లీటర్లు ఆవిరై, తమలోని మలినాన్ని తొట్టికే వదిలి పోతాయి. పగడాలు గాని, నాచు గాని పీల్చుకోని పదార్థమేదైనా ఈ లెక్కన చివరకు కుళాయి నీటిలో ఉన్నదానికి రెండున్నర రెట్ల గాఢతకు చేరి నిలుస్తుంది. అసలు నీళ్లే మార్చని తొట్టిలో అది ఎక్కడా ఆగదు. రోజూ నీళ్లు మార్చేవారు ఇలా పేరుకునేదానికి ఒక హద్దు మాత్రం వేయగలరు. ఆ హద్దు ఎక్కడ ఉండాలో నిర్ణయించేది మొదట వాడే నీరే.

హైదరాబాదు గ్రానైటు రాతి మీద ఉన్న ఊరు. బోరు నీటిలో కాఠిన్యం ఎక్కువ, రాతి నుంచి కరిగే సిలికా కూడా ఉంటుంది. తొట్టి అద్దాల మీద మళ్లీ మళ్లీ వచ్చే గోధుమ రంగు పొరకు ఈ సిలికా ఒక ముఖ్య కారణం. జలమండలి నల్లా నీరు మంజీరా, కృష్ణా, గోదావరి జలాల నుంచి వస్తుంది. బోరు నీటితో పోలిస్తే మృదువైనదే గాని క్లోరిన్ ఉంటుంది, దానిని టీడీఎస్ మీటరు చూపించదు. నల్లా నీరైనా ట్యాంకరు నీరైనా వరుస ఇది: మడ్డి వడపోత, బొగ్గు వడపోత, ఆర్‌వో పొర, చివరగా డీఐ రెసిన్. బయటకు వచ్చే నీటి టీడీఎస్ సున్నా ఉండాలి. 2, 3 కనిపించడం మొదలైతే రెసిన్ మార్చవలసిన రోజు వచ్చిందన్నమాట. గట్టి బోరు నీటితో రెసిన్ త్వరగా అయిపోతుంది, కాబట్టి నల్లా వచ్చే రోజున ఆ నీటిని పట్టి శుద్ధి చేసుకుని నిల్వ చేసుకోవడం పొదుపు.

ప్రశ్న: నాకు కొద్దిగా రాతి పగడాలు ఉన్నాయి. ఉదయం 8 డీకేహెచ్ ఉన్న ఆల్కలినిటీ మరుసటి ఉదయానికి 7.3కు పడిపోతోంది. రోజుకు 1 శాతం మారుస్తూనే ఉన్నాను. 2 శాతానికి పెంచితే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, సైనిక్‌పురి

సమాధానం: సరిపోదు, పైగా దరిదాపులకు కూడా రాదు. మీ పగడాలు అస్థిపంజరం కట్టుకోవడానికి రోజుకు 0.7 డీకేహెచ్ వాడుకుంటున్నాయి. కొత్త నీటిలో 11 ఉన్నా, 7.5 ఉన్న తొట్టిలో 1 శాతం మార్పిడి తెచ్చేది 0.035 మాత్రమే. లోటు అంతా నీటి మార్పిడితోనే తీర్చాలంటే రోజుకు 20 శాతం, 200 లీటర్ల తొట్టి అయితే 40 లీటర్లు మార్చాలి. చిన్న మార్పిడి వల్ల స్ట్రాన్షియం, పొటాషియం వంటి మెల్లగా తరిగే మూలకాలు కొంతవరకు భర్తీ అవుతాయి. ఆల్కలినిటీని, కాల్షియంను మాత్రం విడిగా అందించవలసిందే.

మన వేసవి ఆవిరి ఇక్కడ శాపం కాదు, వరమవుతుంది. కాల్షియం హైడ్రాక్సైడు కలిపి తేర్చిన సున్నపు తేటను టాపప్ నీటిగా వాడితే కాల్షియం, ఆల్కలినిటీ రెండూ పగడాలు వాడుకునే నిష్పత్తిలోనే చేరుతాయి. ఆ నిష్పత్తి 2.8 డీకేహెచ్‌కు సుమారు 20 మిల్లీగ్రాముల కాల్షియం. లీటరు నీటిలో దాదాపు 1.5 గ్రాములే కరుగుతుంది. అలా నిండుగా కరిగిన తేట 1.2 లీటర్లు 200 లీటర్ల తొట్టిలోని 0.7 డీకేహెచ్ లోటును పూడుస్తుంది. మీకు రోజుకు అంతకంటే ఎక్కువే ఆవిరవుతుంది కనుక చోటుకు కొదవ లేదు. అయితే ఆ తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది. బొట్టు బొట్టుగా, ప్రవాహం బలంగా ఉన్నచోట, వీలైతే రాత్రి వేళ పడనివ్వాలి. మగ్గుతో పోస్తే తొట్టి తెల్లబడి చేపలు చనిపోతాయి. మొదటి వారం సగం మోతాదుతో మొదలుపెట్టి రోజూ పరీక్షించండి. తమలపాకులకు రాసే సున్నంతో ఈ ప్రయోగం చేయవద్దు. అందులో ఏమేమి కలిసి ఉంటాయో చెప్పలేము.

మీరు అడగని మాట ఒకటి. రాతి పగడాలన్నీ, వాటితో పాటు సముద్రపు విసనకర్రలు (సీ ఫ్యాన్ పగడాలు) కూడా, 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన సముద్రాల నుంచి తీసినవాటిని కొనడం నేరం. ఎక్కడి నుంచి వచ్చాయో కాగితం చూపలేని అమ్మకందారు దగ్గర ఎంత చవకగా దొరికినా తీసుకోకండి.

ప్రశ్న: రెండు గొట్టాల డోసింగ్ పంపు కొన్నాను. ఒకటి పాత నీటిని తీస్తుంది, మరొకటి కొత్త నీటిని పోస్తుంది. దీనిని నమ్మి సంక్రాంతికి ఐదు రోజులు ఊరికి వెళ్లవచ్చా?
— ఒక పాఠకురాలు, నల్లకుంట

సమాధానం: పంపు మంచిదే, నమ్మకం మాత్రం కొలిచి పెంచుకోవాలి. పెట్టెలో నుంచి తీసిన రెండు గొట్టాలు ఒకే వేగంతో నడవవు. రబ్బరు అరిగే కొద్దీ తేడా పెరుగుతుంది. ఒకటి రోజుకు 2.1 లీటర్లు తీస్తూ, మరొకటి 2 లీటర్లే పోస్తే, ఆ తేడాను ఆటో టాపప్ మంచినీటితో పూడుస్తుంది. మట్టం చక్కగా కనిపిస్తుంది, ఉప్పదనం మాత్రం 35 నుంచి నెలకు 34.5కు, ఆరు నెలలకు 33.6కు జారుతుంది. కొలత జాడీతో రెండు గొట్టాలను నెలకు ఒకసారి సరిచూడండి, ఉప్పదనాన్ని వారానికి ఒకసారి చూడండి. తీసే గొట్టం చివర మురుగు బకెట్‌లోని నీటిలో మునిగి ఉండకూడదు. మునిగి ఉండి, పంపులోని రబ్బరు పగిలితే నీరు ఎటు ప్రవహిస్తుందో ఎత్తును బట్టి ఉంటుంది.

సంక్రాంతి విషయానికి వస్తే, ఐదు రోజులు నీళ్లు మార్చకపోతే తొట్టికి ఏ హానీ లేదు. మార్పిడి పంపును ఆపివేసి వెళ్లండి. లేనప్పుడు పనిచేసే యంత్రాలు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. ఆగకూడనివి టాపప్, ప్రవాహం, హీటరు. జనవరి రాత్రులలో మన ఇళ్లలోనూ తొట్టి చల్లబడుతుంది. ఇన్వర్టరుకు కనీసం ఒక ప్రవాహపు పంపునైనా కలిపి వెళ్లండి. పక్కింటివారికి మేత పని అప్పగిస్తే రోజుకు ఒక పొట్లం చొప్పున కట్టి ఇచ్చి, మిగిలిన డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేయండి. చేపల మీద జాలితో జరిగే అనర్థాలే ఎక్కువ.

ప్రశ్న: రాత్రి మా తొట్టిలోని పెద్ద ఎనిమోన్ పంపులో చిక్కి ముక్కలైంది. నీరు మజ్జిగలా తెల్లబడింది. రోజూ మార్చే 2 లీటర్లను 5 లీటర్లకు పెంచాను. ఇంకేం చేయాలి?
— ఒక పాఠకుడు, అల్వాల్

సమాధానం: ఈ సమాధానం మీకు చేరేసరికి ఆలస్యమైపోతుంది, కాని ఇతరులకు పనికి వస్తుంది. ఇటువంటి వేళ చిన్న మార్పిడికి చోటు లేదు. ముక్కలన్నీ తీసివేసి, ఉప్పదనం, ఉష్ణోగ్రత కలిసిన కొత్త నీటితో వెంటనే సగం దాకా మార్చాలి. కొత్త యాక్టివేటెడ్ కార్బన్ వేయాలి, గాలి పంపు పెట్టాలి, అమ్మోనియా పరీక్షించి, అవసరమైతే మరునాడు మళ్లీ మార్చాలి. 200 లీటర్ల తొట్టిలో రోజుకు 5 లీటర్ల చొప్పున తీస్తే సగం విషం పోవడానికి నాలుగు వారాలు పడుతుంది. రోజువారీ పద్ధతికి మారినవారు పెద్ద డ్రమ్మును అటక ఎక్కించేస్తారు. ఒక పెద్ద మార్పిడికి సరిపడా ఉప్పు, శుద్ధమైన నీరు ఇంట్లో ఎప్పుడూ ఉండాలి.

ప్రశ్న: మాది బాపట్ల. నెలకు ఒకసారి ఊరికి వెళ్లి వస్తుంటాము. సూర్యలంక సముద్రపు నీటినే డబ్బాలలో తెచ్చుకోవచ్చు కదా?
— ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

సమాధానం: ఒడ్డున పట్టిన నీటిలో ఇసుక, మడ్డి, పడవల నూనె ఉంటాయి, నదులు కలిసే తీరం కనుక వానాకాలంలోనూ, ఆ తరువాతా ఉప్పదనం 35 కంటే బాగా తగ్గుతుంది. మూడు వందల కిలోమీటర్లకు పైగా మూసిన డబ్బాలో ఎండకు ప్రయాణించిన నీటిలోని సూక్ష్మజీవులు చనిపోయి కుళ్లుతాయి. సముద్రాన్ని చూసి రండి, నీటిని ఇంట్లోనే కలుపుకోండి.

ప్రశ్న: రోజూ తీసే 2 లీటర్ల నీటిని కుండీలలోని మొక్కలకు పోయవచ్చా? చేపల తొట్టి నీరు మొక్కలకు బలం అంటారు కదా.
— ఒక పాఠకురాలు, తార్నాక

సమాధానం: ఆ మాట మంచినీటి తొట్టికి వర్తిస్తుంది. మీ 2 లీటర్లలో దాదాపు 70 గ్రాముల ఉప్పు ఉంటుంది. వారం రోజులు పోస్తే తులసి కూడా నిలవదు. బాత్‌రూమ్ కాలువలో పోసి, వెనుకనే ఒక చెంబు మంచినీళ్లు వదలండి. పగడపు ముక్కలు, నత్తలు వంటివేమైనా అందులో వస్తే వేరుచేసి చెత్తలో వేయండి, చెరువులో వదలవద్దు. మీ ఆర్‌వో యంత్రం వదిలే వృథా నీరు మాత్రం ఇల్లు తుడవడానికి, బండి కడగడానికి పనికి వస్తుంది.